రెండు వేళ్ళ సందు

మా నర్సింగ్ కాలేజీ పత్రికలో ఏటా ఒక పేజీ ఉద్యోగంలో తల పండినవాళ్ళకు కేటాయిస్తారు. ఈసారి రాయాల్సిన రిటైరైన సిస్టర్ గారికి కంటి ఆపరేషన్ అయింది. అందుకని ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిచి, "నువ్వూ వార్డు పని వదిలేసి పాఠాల్లోకి వచ్చినవాడివే కదా, ఆ లెక్కన రిటైరయినట్టే. రాసెయ్," అన్నారు. నాకు ముప్పై ఒకటి. తల పండలేదు, రాలుతోంది. అది చాలన్నారు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది నా వార్డు రోజుల్లోని ఒక సంగతి. ఇందులో నేను చివరి నిమిషంలో పరిగెత్తుకుంటూ వచ్చి ఎవరి ప్రాణమూ కాపాడను. ఒకసారి మాత్రం నాకు చప్పట్లు కొట్టారు. అది నేను తప్పు చేస్తున్నప్పుడు.

నా మొదటి పోస్టింగు బేతంచెర్ల వైపు బండల లారీలు తిరిగే దారిలో ఒక చిన్న ఆసుపత్రి. చుట్టూ నాపరాతి గనులు, బండలు పాలిష్ పట్టే మిల్లులు. ఆ దారిలో వేపచెట్టు కూడా మొహానికి పౌడరు రాసుకునే ఉంటుంది. ఆ పౌడరే మనుషుల ఛాతీల్లోకీ పోతుంది. చలి మొదలైతే మా వరండాలో పిల్లల పిల్లికూతలు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. నర్సంటే ఆడమనిషే అని నమ్మిన జనం నన్నేమని పిలవాలో తెలియక కొన్నాళ్ళు అవస్థపడి, చివరికి 'సిస్టరప్పా' అని ఖాయం చేశారు. రిజిస్టర్లో నేను స్టాఫ్ నర్సును. వరండాలో సిస్టరప్పను. రెండోదానికే త్వరగా పలికేవాణ్ణి.

మా హెడ్ సిస్టర్ గారిది ఆ చుట్టుపక్కల ఊరే. ఆవిడ సర్వీసుకూ నా వయసుకూ పెద్ద తేడా లేదు. మాట తక్కువ. ఎప్పుడు చూసినా దూది ఉండలు చుడుతూ ఉండేవారు. ఆవిడ కళ్ళద్దాలు గుమ్మంలో కనబడితే చాలు, పిల్లలు ఏడుపు అందుకునేవాళ్ళు. నేను కనబడితే నవ్వేవాళ్ళు. దీన్ని నేను నా గొప్పతనంగా భావించేవాణ్ణి. ఆవిడ మందు పట్టిన పిల్లలు ఏడుస్తూ బాగయ్యేవాళ్ళని, నేను పట్టిన పిల్లలు నవ్వుతూ మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళని అప్పట్లో ఎవరూ గమనించలేదు. ఆవిడ గమనించారేమో నాకు తెలియదు. చెప్పాను కదా, మాట తక్కువ.

ఆ ఏడు మాకు స్పేసర్లు వచ్చాయి. మీకు తెలిసిందే, కానీ ఈ పత్రిక మీ ఇళ్ళలోనూ చదువుతారు కాబట్టి చెబుతున్నాను. జానెడు ప్లాస్టిక్ గొట్టం. ఒక చివర మందు డబ్బా గుచ్చుతాం. ఇంకో చివర పిల్ల ముక్కునూ మూతినీ కలిపి కప్పేంత మెత్తని మాస్కు ఉంటుంది. డబ్బా నొక్కితే మందు పొగలాగా గొట్టంలో నిలుస్తుంది. మాస్కు మొహానికి ఆనించి ఉంచితే పిల్ల ఐదారు ఊపిర్లలో దాన్ని లోపలికి తీసుకుంటుంది. చదవడానికి ఇంతే. చేయడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే రెండేళ్ళ పిల్ల మొహం మీద ఏదైనా ఒకటి పెట్టి చూడండి. కనీసం మీ చెయ్యి పెట్టి చూడండి.

ఇళ్ళలో వేసుకునేలా తల్లులకు నేర్పించే పని డాక్టరమ్మ నాకు అప్పజెప్పారు. "ఎట్లాగూ మాట్లాడుతూనే ఉంటావు. ఆ మాట్లాడేదేదో వాళ్ళతో మాట్లాడు," అన్నారు. దాన్ని పొగడ్త కింద రాసుకున్నాను.

మొదటి వారంలోనే ఒక అవ్వ మనవరాల్ని చంకనేసుకుని వచ్చింది. పిల్లకు రెండున్నరేళ్ళు. తండ్రి పాలిష్ మిల్లులో, తల్లి గనిలో. తెల్లారితే ఇద్దరూ పనికి పోతారు, పిల్ల అవ్వ దగ్గరే. నాలుగు రోజులు బాగుంటే ఐదో రోజు ఆయాసం. నేను స్పేసరు తీసి, పిల్ల మూతి దగ్గర పెట్టబోయాను.

"ఏమప్పా, ఊపిరాడక వచ్చిన బిడ్డకు మూతి మూస్తావా?" అంది అవ్వ.

"ఊపిరి ఆడిచ్చేదానికే అవ్వా."

"మూసి ఆడిచ్చేదా. బాగుండాది మీ వైద్యం."

పిల్లకూ అదే అభిప్రాయం. ఒక్క కేక పెట్టి, నా జేబులో పెన్ను పీకి, నా గడ్డం కింద తన్నింది. వరండాలో ఓ పదిమంది తల్లులు చూస్తున్నారు. నా మంచిపేరు ప్రమాదంలో పడింది. అప్పుడు నేనేం చేశానంటే, మాస్కును మొహం మీంచి కొంచెం ఎత్తాను. ఎంతో కాదు, రెండు వేళ్ళ సందు. "కూ... రైలొచ్చె, డోను పోయే రైలొచ్చె," అంటూ డబ్బా నొక్కాను. పొగ బయటికొచ్చింది. పిల్ల ఏడుపు ఆపి దాన్ని వింతగా చూసింది. రెండోసారి నొక్కేసరికి నవ్వింది కూడా. ఒక తల్లి చప్పట్లు కొట్టింది. నేను చెప్పిన చప్పట్లు ఇవే.

హెడ్ సిస్టర్ గారు దూది చుడుతూనే, "మొగానికి ఆనిందా?" అని అడిగారు.

"ఆనినట్టే సిస్టర్," అన్నాను.

'ఆనినట్టే' అన్న మాట మన పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. అది పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళ మాట. కుదిరినట్టే, ఒప్పుకున్నట్టే అంటుంటారు చూడండి, ఆ కుటుంబానికి చెందింది.

అవ్వకు రోజూ పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు నొక్కాలని చెప్పి, స్పేసరు చేతిలో పెట్టి పంపాను. పది రోజులకు ఎగశ్వాస పెడుతున్న పిల్లను ఎత్తుకుని తిరిగొచ్చింది. మందును ఆవిరిగా పట్టే మిషను మా దగ్గర ఒకటుండేది. హెడ్ సిస్టర్ గారు పిల్లను ఒళ్ళో బిగించి ఆ మిషను మాస్కు పట్టారు. పిల్ల ఏడ్చింది, తేరుకుంది, ఇంటికి పోయింది. మళ్ళీ వారానికి వచ్చింది. మళ్ళీ అదే. ఇక్కడ పడితే తగ్గుతోంది, ఇంటికి పోతే తిరగబెడుతోంది. తప్పు ఎక్కడుందో మాకు వెంటనే అర్థమైపోయింది. ఇంట్లో ఉంది. డాక్టరమ్మ అవ్వను మందలించారు. నేను కేసు షీట్లో 'ఇంటి వద్ద మందు సరిగా వాడుట లేదు' అని రాశాను. కింద గీత కూడా గీశాను.

రాయడంతో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను. వరండాలో అందరూ వినేలా, "అవ్వా, సర్కారు మందు ఇచ్చింది బిడ్డకు వేసేదానికి, ఉట్టిలో దాచిపెట్టుకునేదానికి గాదు," అన్నాను. నలుగురు నవ్వారు.

అవ్వ నవ్వలేదు. "ఏస్తాండా సామీ. పొద్దన రెండు, మాపున రెండు. నువ్వు సూపిచ్చినట్లే ఏస్తాండా," అంది.

ఆ చివరి మాట నా చెవిన పడింది. లోపలికి పోలేదు.

మూడోసారి తండ్రి కూడా వచ్చాడు. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనురెప్పల మీద కూడా తెల్లటి రాతిపొడి. మెడలో తువ్వాలు. డాక్టరమ్మ ఎదుట నిలబడి, నేల చూస్తూ చెప్పాడు.

"మీ మందు సాలు మేడమ్. ఈ శుక్రారం పక్కూరికి పోయి వాతలు పెట్టిచ్చుకొస్తాం."

పట్నం పిల్లలకు తెలియదేమో. ఆయాసంతో పిల్ల పక్కలెగరేస్తుంటే పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి పొట్ట మీద చురకలు పెడతారు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచారు. చీము పడుతుందన్నారు, ప్రాణం మీదికి వస్తుందన్నారు, ఆ పొట్ట మీద ఒక్క మచ్చ కనబడినా ఊరుకోనన్నారు. అతను అంతా విని, చొక్కా పైకెత్తాడు. బొడ్డు చుట్టూ ఐదు మచ్చలు, రూపాయి బిళ్ళలంత.

"మాయమ్మ నాకూ పెట్టిచ్చింది. నేను బతకలా?"

వాతల వైద్యానికి సాక్ష్యం నిండా ముప్పై ఏళ్ళతో ఎదురుగా నిలబడి ఉంది. మా వైద్యానికి సాక్ష్యం అవ్వ భుజం మీద తల వాల్చి, గొంతు కింద గుంట పడేలా ఊపిరి లాగుతోంది. అతను రాక్షసుడేమీ కాదు. చొక్కా దించుకుంటూ పిల్ల వీపు నిమిరాడు. చేతి పొడి అంటుకుంటుందని గుర్తొచ్చి, వెంటనే ఆ చోటు తువ్వాలుతో తుడిచాడు.

శుక్రవారం పొద్దున అవ్వ పిల్లనెత్తుకుని వరండాలోకి వచ్చింది. గేటు బయట కొడుకు మోటారు సైకిల్ మీదే కూర్చుని ఉన్నాడు. అటు నుంచి అటే పక్కూరికి పోతారని తెలుస్తోంది. అవ్వ ఉతికిన రవికెగుడ్డ విప్పి స్పేసరు నా బల్ల మీద పెట్టింది.

"సర్కారు సొమ్ము. మా ఇంట్లో ఎందుకప్పా. ఇంగొక బిడ్డకన్నా పనికొస్తాది."

గొట్టం మీద కుంకుమ బొట్టు ఉంది.

"ఇదేందవ్వా?"

"మొన్న ఆయుధపూజకు ఇంట్లో పనిముట్లన్నిటికీ పెడ్తిమి. దీనికీ పెడ్తి."

వాడని వస్తువుకు ఎవరూ ఆయుధపూజ చేయరు. అంత చిన్న సంగతి కూడా నాకు అప్పుడు తట్టలేదు. నేను అలవాటు ప్రకారం ఉపన్యాసం మొదలుపెట్టాను. రోజూ వేసి ఉంటే ఈ తిప్పలు ఉండేవా, ఇప్పుడు తెచ్చిస్తే ఏం లాభం, అట్లా. అవ్వ తల వంచుకుని వింటోంది. వెనక నుంచి హెడ్ సిస్టర్ గారి గొంతు వినిపించింది.

"తిట్టింది సాలుగానీ, ఎట్ల ఏస్తాందో ఒకతూరి సూపీమను."

"ఎందుకు సిస్టర్, పోతున్నారు కదా."

"పోయే ముందే సూపీమను. ఇన్ని తూర్లు తిడ్తివి, ఒకతూరి సూస్తివా?"

చూడలేదు. సరే చూపించమన్నాను. అవ్వ నేల మీద కూర్చుని పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మొదట కుడి రవిక చెయ్యిని పైకి లాక్కుంది. అది అప్పటికే మోచేతికి పైనే ఉంది, లాగాల్సిన పని లేదు. తర్వాత మాస్కులోకి ఒకసారి ఉఫ్‌మని ఊదింది. ఆ రెండూ నా అలవాట్లు. నాకున్నాయని నాకే తెలియనివి. తర్వాత డబ్బా ఊపింది. "కూ... రైలొచ్చె, డోను పోయే రైలొచ్చె," అంది, నా రాగంలోనే, నేను శ్రుతి తప్పిన చోటే తప్పుతూ. మాస్కు పిల్ల మొహం దగ్గరికి తెచ్చింది. అప్పుడు ఎడమచేతి రెండు వేళ్ళు మాస్కుకూ బుగ్గకూ మధ్య అడ్డంగా పెట్టి, సరిగ్గా ఉందని చూసుకుని, వేళ్ళు తీసేసి, డబ్బా నొక్కింది. పొగ పిల్ల చెవి పక్కగా పోయి గోడ మీది క్యాలెండరుకు తగిలింది. ఆ మూడు వారాలూ మందు ఇలాగే పోయిందన్నమాట.

"అవ్వా, ఆ వేళ్ళు ఎందుకు పెడ్తాండావు?"

"సందు కొలుస్తాండా. నువ్వు అంత పెట్టినావు కదప్పా. నాది ముసలి చెయ్యి. ఒగ దినం ఎక్కువ, ఒగ దినం తక్కువ అయితాదేమోనని ఏళ్ళు పెట్టి కొలుసుకుంటాండా."

ఇలాంటి చోట, ఫ్యాను కూడా ఆగిపోయినట్టనిపించింది అని రాస్తుంటారు. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆగింది హెడ్ సిస్టర్ గారి చేతిలో దూది ఒక్కటే.

నేను గేటు దగ్గరికి పోయాను. అంత చిన్న ఆవరణ అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు.

"అన్నా, తప్పు మీ అమ్మది కాదు, నాది. గొట్టం మొగానికి ఆనిచ్చి పట్టాల. పాప ఏడుస్తాందని నేను సందు పెట్టి నేర్పించినా. మీ అమ్మ నేనెట్ల నేర్పిస్తే అట్లే చేసింది. మందు ఒక్క దినం కూడా పాప లోపలికి పోలేదు."

అతను బండి తాళం తిప్పి ఇంజను ఆపాడు.

"మాయమ్మను అందరి ముందర తిడ్తివి కదా."

"తిట్టినా."

"ఇది గూడా అందరి ముందరే చెప్పు."

న్యాయమే. వరండాలోకి వచ్చి చెప్పాను. డాక్టరమ్మ కూడా బయటికొచ్చి విన్నారు. మాటకారినని పేరున్న నాకు, ఆ నాలుగు మాటలకు ఆరుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అవ్వకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు.

"మూతికి అదిమి పెడితే బిడ్డ ఏడవదా? ఆ మాత్రం సందు ఉంటే ఏమప్పా?"

నేను పాఠ్యపుస్తకం తెరిచేలోపు కొడుకు మెడలో తువ్వాలు తీసి మూతికి, ముక్కుకు కలిపి చుట్టి, వెనక ముడి బిగించాడు.

"మా, మిల్లులో నేనెట్ల కట్టుకుంటా? సందు పెట్టుకుంటే మాపటికి ముక్కునిండా రాతిపిండే. సందులో దుమ్మయితే లోపలికొస్తాది, మందయితే బయటికి పోతాది. అంతే కదా సామీ?"

"అంతే," అన్నాను. నేను నాలుగేళ్ళు చదివింది అతను తువ్వాలు ముడి వేసినంత సేపట్లో చెప్పేశాడు.

తువ్వాలు విప్పుతూ అన్నాడు. "పదైదు దినాలు సూస్తా. ఆ పైన నా దోవ నాది."

హెడ్ సిస్టర్ గారు పిల్లను వీపు తన ఛాతీకి ఆనేలా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఒక చెయ్యి నుదుటి మీద, ఇంకో చేత్తో మాస్కు. పిసరంత సందు లేదు. గొట్టంలో ఒక పల్చని రెక్క ఉంటుంది, ఊపిరికి అది ఆడుతుంది. "అవ్వా, ఆ రెక్కను సూడు. అది ఆడితే మందు లోపలికి పోతాండాదని. ఆరు తూర్లు ఆడనీ, అప్పుడు తియ్యి," అన్నారు. పిల్ల ఏడ్చింది. ఆవిడ్ని వదిలేసి నా వైపే చూసి ఏడ్చింది. మూడు వారాల రైలుబండి స్నేహం అక్కడితో సరి.

అయితే ఏడుస్తున్న పిల్లకూ మందు సరిగా దిగదు. అది కూడా నిజమే, నేను సందు పెట్టడానికి నాకు నేను చెప్పుకున్న సాకు కూడా అదే. దానికి మందు వేయని వేళల్లో మాస్కుతో ఆడించాలి. డ్యూటీ దిగాక వారం రోజులు వాళ్ళింటికి పోయాను. ఆ ఆట నేను కనిపెట్టలేదు. తండ్రి పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, ఉతికిన తువ్వాలు మూతికి కట్టుకుని పిల్ల ఎదురుగా కూర్చునేవాడు. అవ్వ ఉత్త మాస్కు పిల్ల మూతికి పెట్టేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. మొదటి రోజు పిల్ల దాన్ని పీకి పారేసింది. మూడో రోజు పీకి తండ్రి ముక్కుకు పెట్టింది. ఐదో రోజు తనకు తానే పెట్టుకుంది. ఆరో రోజు దాన్ని పట్టుకుని వాళ్ళ మేకపిల్ల వెంట పడింది. అవ్వ లాక్కుని కడిగింది. మేకపిల్లకు ఆయాసం లేదని పిల్లకు చెప్పడానికే ఆ సాయంత్రమంతా పట్టింది.

పదహారో రోజు తండ్రి ఒక్కడే వచ్చాడు. నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు కనబడకూడదని రిజిస్టరు తిరగేస్తున్నాను. అతను ఖాళీ మందు డబ్బా బల్ల మీద పెట్టాడు.

"అయిపాయె. ఇంగోటి ఇయ్యి సామీ."

అంతే. వాతల మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ చలికాలంలో పిల్లకు మళ్ళీ ఒకసారి ఆయాసం రాకపోలేదు. కానీ అప్పుడు అవ్వ చంకలో రాలేదు, అవ్వ వేలు పట్టుకుని నడుస్తూ వచ్చింది.

డాక్టరమ్మ ఆ కేసు షీటు తెప్పించి, నేను గీత గీసిన వాక్యం మీద వేలు పెట్టారు. "ఇది కొట్టెయ్. పక్కన నిజం రాయి. కింద సంతకం పెట్టు." కొట్టేసి, 'నేర్పించడంలో లోపం' అని రాసి, సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో నేను పూర్తి నిజం రాసిన కేసు షీట్లలో అదొకటి.

అవ్వకు విడిగా కూడా క్షమాపణ చెప్పాలని చాలా మాటలు కూర్చుకున్నాను. ఒకరోజు మందు కోసం వచ్చినప్పుడు మొదలుపెట్టాను. "అవ్వా, ఆ దినం నిన్ను నేను..."

"అదంతా ఉండనీలే. నువ్వు నేర్పిచ్చింది నేను బాగా నేర్చుకుంటినా లేదా? అది చెప్పు."

"శానా బాగా నేర్చుకున్నావవ్వా."

"మరి," అంది, పెద్ద పరీక్ష పాసైన దానిలా.

ఇప్పుడు స్కిల్ ల్యాబులో నేను ఏది నేర్పించినా వెంటనే "ఏదీ, నువ్వు చేసి చూపించు" అని మీ ప్రాణం తీస్తానని మీ ఫిర్యాదు. ఆ ఫిర్యాదు ఎవరికి చేయాలో ఇప్పుడు మీకు తెలిసింది కాబట్టి, ఇక నన్ను వదిలేయండి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. వేసవికి ముందు ఒక పొద్దున, వరండాలో కొత్తగా వచ్చిన ఒక తల్లికి నేర్పిస్తున్నాను. ఆమె కొడుక్కి ఏడాదిన్నర, గొంతు మాత్రం పదేళ్ళది. మాస్కు పెట్టగానే మిల్లు సైరను మోగినట్టు ఏడ్చాడు. అంతా తెలిసినవాణ్ణే, అంతా అనుభవించినవాణ్ణే. అయినా నా చెయ్యి నన్నడక్కుండానే కొంచెం పైకి లేచింది.

వెనక బెంచీ మీద అవ్వ తన వంతు కోసం కూర్చుని ఉంది. ఒళ్ళో మనవరాలు ఏదో నములుతోంది. అవ్వ గొంతు పెంచలేదు, అందరి ముందు నన్నేమీ తిట్టలేదు. ముందుకు వంగి, నా మోచేతి మీద రెండు వేళ్ళతో తట్టింది.

"సిస్టరప్పా," అంది. "సందు."